అరవై నాలుగు

ఇజ్మీర్‌లో చెప్పుల కార్ఖానా, మూడో అంతస్తు.
కొత్తగా చేరినవాళ్లకే జిగురు ఒక వాసన.
మాకు అది గాలి.

పోయిన మార్చిలో నారింజరంగు చొక్కా నాకు తొడిగారు.
"ముజెయ్యెన్ అక్కా, నీ గొంతు పెద్దది" అన్నాడు మేస్త్రీ రిఫ్కి.
అదొక్కటే అర్హత.
చొక్కాతో పాటు ఒక ఈల, ఒక అట్ట,
అట్టకు క్లిప్పు పెట్టి అరవై మూడు పేర్లు.

అప్పట్నుంచి నా చూపు చెడిపోయింది.
పెళ్లికెళ్లినా, పంటి డాక్టరు దగ్గర కూర్చున్నా
తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా అని చూస్తాను.
మా ఆయన నవ్వుతాడు.
లోపలికి తెరుచుకునే తలుపును
జనం తోసేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుందని
ఆయనకు తెలీదు. తెలిసే రోజు రాకూడదు.

నా మిషన్ నుంచి వెనక మెట్లకు నలభై ఒక్క అడుగులు.
కళ్లు మూసుకుని నడిచి లెక్కపెట్టాను,
పొగలో కళ్లుండవు కదా.
ఇరవై ఆరో అడుగులో మోకాలికి తగిలింది అట్టపెట్టెల దొంతర,
ఆడవాళ్ల శాండల్స్, ముప్పై ఎనిమిదో నంబరు.
"రేపు లారీ వస్తుంది" అన్నాడు రిఫ్కి.
ఆ రేపు నాలుగు నెలలుగా దారిలోనే ఉంది.

నలభై ఒకటో అడుగులో తలుపు.
తలుపుకు గొలుసు, గొలుసుకు తాళం,
తాళంచెవి రిఫ్కి మొలకు.
రిఫ్కి మధ్యాహ్నం పూట వీధి చివర టీ కొట్లో.
అంటే రోజూ గంటసేపు
మా తలుపు టీ తాగడానికి వెళ్తుంది.

"తోలు ముక్కలు ఎత్తుకుపోతారక్కా,
అడుగు తోలు ఎంత పలుకుతోందో తెలుసా?"
తెలుసు.
నా ఒంటిమీది తోలు ధరే
ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

తనిఖీవాళ్లు వస్తున్నారని సోమవారం గొలుసు తీశారు.
పెట్టెలు గోడవారగా జరిగాయి, లారీ లేకుండానే.
మంగళవారం పదకొండింటికి గంట మోగింది.
సేవిల్ చేతిసంచీ వెతుక్కుంది,
ముసలి హిల్మీ కళ్లజోడు కోసం వెనక్కి తిరిగితే
చెయ్యి పట్టి లాగాను, ఇవాళ్టికీ నాతో మాట్లాడడు.
ఐదు నిమిషాల పన్నెండు సెకన్లు.
టైర్ల షాపు ముందు వరసగా నిలబెట్టి
తలలు లెక్కపెట్టాను.

అరవై నాలుగు.

మళ్లీ, ఈసారి భుజాలు తాకుతూ.
అరవై నాలుగు.

ఒకరు తగ్గితే ఏం చెయ్యాలో నేర్పారు.
ఎక్కువైతే ఏం చెయ్యాలో నేర్పలేదు.

వరస చివర ఒక పిల్ల.
పదహారుంటాయేమో. వేళ్లమీద ఎండిన జిగురు
పాము కుబుసంలా రేగుతోంది.
పేరు రహఫ్, ఊరు అలెప్పో.
నేలమాళిగలో అట్టలకు జిగురు పూస్తుందట,
ఎనిమిది నెలలుగా.
అక్కడ గంట వినపడదు.
బ్రష్షు కడుక్కోడానికి పైకొచ్చి,
మేం పరిగెడుతుంటే చూసి, తనూ పరిగెత్తింది.

"అరవై మూడని రాయి" అన్నాడు రిఫ్కి, పెదాలు కదపకుండా.

నిజంగా మంటే అయ్యుంటే
అరవై మూడు దగ్గర నా వేలు ఆగేది.
లోపల ఎవరూ లేరని ఫైరింజన్ వాళ్లకు అరిచి చెప్పేదాన్ని.
నా గొంతు పెద్దది.
నమ్మేవాళ్లు.

పెన్ను తీశాను. పిల్ల నా మణికట్టు పట్టుకుంది.
"రాయొద్దు" అంది, వచ్చీరాని టర్కిష్‌లో.
కాగితంమీద పేరంటే దానికి పోలీసు,
నాకేమో ప్రాణం.
ఇద్దరం అలా కాసేపు ఆ పెన్ను పట్టుకుని నిలబడ్డాం.
చివరికి అంకె వేశాను. ఎదురుగా ఖాళీ వదిలాను.
రిఫ్కి ఆ కాగితం మార్చేసుంటాడు. నా దగ్గర నకలుంది.

బుధవారం గొలుసు తిరిగొచ్చింది.
గురువారం నుంచి నా మిషన్ కింద,
దారపు కండెల డబ్బా అడుగున,
మా బావమరిది దగ్గర తెచ్చిన ఇనుపకత్తెర ఉంటోంది.
గొలుసు తెగుతుందో లేదో ఇంకా చూడలేదు.

రోజూ పొద్దున ముందు నేలమాళిగ మెట్ల దగ్గర ఆగి పిలుస్తాను.
చీకట్లోంచి ఏదో అంటుంది, అరబీలో.
ఉన్నాననే అనుకుంటాను.
అప్పుడు పైకెక్కుతూ లెక్క మొదలుపెడతాను,
అరవై నాలుగు నుంచి వెనక్కి.